దవడ కీలు నొప్పికి ఇంజెక్షన్: నోరు ఎందుకు తెరుచుకోవడం లేదో తెలిశాకే సూది

పొద్దున లేచి పళ్లు తోముకోబోతే నోరు సగమే తెరుచుకుంటుంది. రోటీ ముక్క నమిలితే చెవి ముందు కలుక్కుమంటుంది. ఆవలింత వచ్చినా భయమే, దవడ ఎక్కడ పట్టేస్తుందోనని. మొదట చెవి నొప్పి అనుకుని చెవిలో చుక్కలు వేసుకుంటారు. తర్వాత పన్ను పుచ్చిందేమోనని డెంటిస్టు దగ్గరకు వెళ్తారు. చివరికి ఎవరో ఒకరు "అది దవడ కీలు సమస్య, ఒక సూది వేయించుకుంటే పోతుంది" అంటారు.

ఆ మాటలో కొంత నిజం ఉంది. దవడ కీలుకు ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి, సరైన పేషెంటుకు అవి బాగానే పనిచేస్తాయి. అయితే 'నోరు తెరుచుకోవడం లేదు' అన్నది జబ్బు పేరు కాదు, లక్షణం మాత్రమే. దాని వెనక నాలుగైదు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. ఒక్కో కారణానికి మందు వేరు, సూది పొడిచే చోటు వేరు. కొన్నిటికి అసలు సూదితో పనే లేదు. కారణం తేల్చకుండా వేయించుకుంటే డబ్బు పోతుంది, నెలలు గడిచిపోతాయి. సుపారీ, గుట్కా అలవాటున్న మనిషికైతే ఆ నెలలు చాలా విలువైనవి.

కీలు లోపల ఏముంది?

చెవి రంధ్రానికి సరిగ్గా ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూస్తే లోపల ఒక ఎముక కదులుతున్నట్టు తెలుస్తుంది. అదే దవడ కీలు. డాక్టర్లు టీఎంజే అని రాస్తారు. కింది దవడ ఎముక పైకొన గుండ్రంగా ఉండి, పుర్రె ఎముకలోని చిన్న గుంటలో కూర్చుంటుంది. రెండు ఎముకలు రాసుకోకుండా మధ్యలో ఒక మెత్తటి పలక ఉంటుంది, దాన్నే డిస్క్ అంటారు. కీలులో జిగురు లాంటి ద్రవం కొద్దిగా ఉంటుంది. బండికి గ్రీజు లాంటిదన్నమాట.

తలుపు బందు ఒకే చోట తిరుగుతుంది. దవడ కీలు అలా కాదు, రెండు పనులు చేస్తుంది. నోరు కొద్దిగా తెరిచినప్పుడు ఎముక గుండు ఉన్నచోటే తిరుగుతుంది. ఇంకా పెద్దగా తెరిస్తే డిస్క్‌తో పాటు ముందుకు జారుతుంది. డిస్క్ తన చోటు నుంచి పక్కకు తప్పుకుని అడ్డం పడితే ఈ జారడం ఆగిపోతుంది. అప్పుడు నోరు 25, 30 మిల్లీమీటర్ల దగ్గర నిలిచిపోతుంది. పెద్దవాళ్లలో పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య మామూలుగా 40 మిల్లీమీటర్లు, అంతకు పైన ఖాళీ రావాలి. ఇంట్లో స్కేలు లేకపోయినా ఫర్వాలేదు. సొంత చేతి చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు కలిపి నిలువుగా ముందు పళ్ల మధ్య పెట్టి చూస్తే చాలు. మూడూ పడితే మామూలే. రెండే పడుతున్నాయంటే చూపించుకోవాలి.

నొప్పి లేకుండా 'టక్' మని చప్పుడు మాత్రమే వస్తుంటే కంగారు అక్కర్లేదు. చాలామంది దవడలు అలా చప్పుడు చేస్తాయి. దానికి వైద్యమే అవసరం లేదు, ఇంజెక్షన్ అసలే వద్దు.

ఎవరిది ఏ రకం?

ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే వైద్యమంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

కండరాల సమస్య అయితే పొద్దున పూట దవడ బిగుసుకుని ఉంటుంది, కణతల్లో తలనొప్పి వస్తుంది, చెంప కండరం నొక్కితే నొప్పి. రాత్రి నిద్రలో పళ్లు కొరికేవారిలో, టెన్షన్‌లో పళ్లు బిగబట్టేవారిలో ఇది ఎక్కువ. పరీక్షల సీజన్‌లో పిల్లల్లో, ఇంటి బాధ్యతలన్నీ మోసే ఆడవాళ్లలో డాక్టర్లు దీన్ని తరచూ చూస్తుంటారు. మొత్తంగా దవడ కీలు బాధలు మగవాళ్ల కంటే ఆడవాళ్లలోనే ఎక్కువ, అదీ 20 నుంచి 40 ఏళ్ల వయసులో.

డిస్క్ తప్పుకున్న కేసు వేరేగా ఉంటుంది. కొన్ని నెలలుగా టక్ టక్ మంటున్న దవడ ఒక రోజు చప్పుడు ఆపేస్తుంది, అదే రోజు నోరు కూడా సగంలో ఆగిపోతుంది. చప్పుడు పోయింది కదా, నయమైందని కొందరు అనుకుంటారు. నిజానికి అది తాళం పడటం. అద్దం ముందు నోరు తెరిస్తే గడ్డం నొప్పి ఉన్న వైపుకు వంకరగా వెళ్తుంది. నొప్పి వేలు పెట్టి చూపించగలిగేంత కచ్చితంగా చెవి ముందే ఉంటుంది.

మూడోది కీళ్లవాతం, కీలు అరుగుదల. ఎముకలు రాసుకుంటున్నట్టు ఇసుక గరగరమన్న చప్పుడు వస్తుంది. రుమటాయిడ్ ఉన్నవారిలో చేతి వేళ్లు, మోకాళ్లతో పాటు దవడా నొప్పి పెట్టొచ్చు.

నాలుగోది కీలుకు సంబంధించింది కానే కాదు, కానీ మన దగ్గర నోరు తెరుచుకోని వారిలో దాన్ని మర్చిపోతే పెద్ద పొరపాటు. కారం తగిలితే నోరంతా మంట. బుగ్గల లోపల తెల్లగా పాలిపోయి, వేలితో తడిమితే తాళ్లలా గట్టిగా తగులుతుంది. నాలుక పూర్తిగా బయటికి రాదు, ఈల వేయలేరు, బెలూన్ ఊదలేరు. ఇది ఒక్క రోజులో రాదు. ఏడాదో రెండేళ్లో పడుతుంది, అందుకే మనిషి గమనించడు. టక్ మన్న చప్పుడు ఉండదు, చెవి ముందు నొప్పీ పెద్దగా ఉండదు. దీన్ని డాక్టర్లు ఓఎస్ఎంఎఫ్ అంటారు, అంటే నోటి లోపలి పొర కింద పీచులా గట్టిపడటం. కారణం వక్క.

ఇవి కాక జ్ఞాన దంతం దగ్గర చీము, జ్వరంతో దవడ బిగుసుకోవడం ఉంటుంది. దానికి యాంటీబయాటిక్, అవసరమైతే పన్ను తీయడం. పంటి సమస్య ఏమీ లేకుండా, ఒంటి మీద గాయమై టీటీ వేయించుకోని మనిషికి దవడ బిగుసుకుంటే ధనుర్వాతం అనుమానించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సూది కంటే ముందు

కండరాల నొప్పి, కొత్తగా వచ్చిన కీలు నొప్పి చాలామందిలో సూది లేకుండానే తగ్గుతాయి. రెండు మూడు వారాలు మెత్తటి తిండి, రోజుకు రెండు మూడుసార్లు వేడి కాపడం, డాక్టరు చెప్పిన నొప్పి మాత్ర కొన్ని రోజులు, దవడ వ్యాయామాలు. మెత్తటి తిండి అంటే పస్తులుండమని కాదు. ఖిచ్డీ, దాల్చా అన్నం, హలీం, బాగా ఉడికిన కీమా అన్నీ తినొచ్చు. నాన్, సీఖ్ కబాబ్, పత్థర్ కా గోష్ట్, చూయింగ్ గమ్, వేయించిన శనగలు మాత్రం పక్కన పెట్టాలి. నల్లీ ఎముక కొరికి మూలుగు లాగడం కూడా కొన్నాళ్లు మానాలి. ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనిస్తే నోరు మరీ పెద్దగా తెరుచుకోదు.

మాట్లాడనప్పుడు, తిననప్పుడు పై పళ్లు, కింది పళ్లు తగలకూడదు. పెదవులు మూసి, పళ్లు విడిగా ఉంచాలి. వినడానికి చిన్న మాటే కానీ, రోజంతా పళ్లు బిగబట్టే అలవాటున్నవారికి ఇది మాత్రలకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

2023లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి, మూడు నెలలకు మించిన దవడ నొప్పి మీద సిఫార్సులు ఇచ్చింది. నేర్పించి చేయించే దవడ వ్యాయామాలు, చేత్తో కండరాలను సడలించే ఫిజియోథెరపీ, నొప్పిని ఎదుర్కొనేలా మనసును సిద్ధం చేసే కౌన్సెలింగ్‌కు అది గట్టిగా ఓటు వేసింది. బోటాక్స్, హయాలురోనిక్ యాసిడ్, కీలు కడగడం లాంటివి మామూలుగా ముందుకు తేవద్దని చెప్పింది. అవి ఎప్పటికీ వాడొద్దని కాదు, ఆధారం బలహీనంగా ఉంది కాబట్టి మొదటి మెట్టు మీద పెట్టొద్దని. మొదటి రోజే సూదుల ప్యాకేజీ చేతిలో పెట్టే క్లినిక్‌లో ఈ సంగతి గుర్తుంచుకుని మాట్లాడటం మంచిది.

కీలులోకి ఇచ్చేవి

తాళం పడ్డ దవడకు ఎక్కువగా చేసేది కీలు కడగడం, దాన్ని ఆర్థ్రోసెంటెసిస్ అంటారు. 1991 నుంచి వైద్య పత్రికల్లో ఉన్న పద్ధతి ఇది. చెవి ముందు మత్తు ఇచ్చి, కీలు పై అరలోకి రెండు సూదులు దింపుతారు. ఒకదాని నుంచి సెలైన్ లాంటి ద్రవం లోపలికి పంపితే రెండోదాని నుంచి బయటికి వస్తుంది. లోపల పేరుకున్న వాపు పదార్థాలు కొట్టుకుపోతాయి, అతుక్కున్న డిస్క్ వదులవుతుంది. అప్పుడే డాక్టరు దవడను పట్టుకుని నెమ్మదిగా కదిలిస్తారు. కోత, కుట్లు ఉండవు, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు. తాళం పడి కొన్ని వారాలే అయితే ఫలితం బాగుంటుంది. ఏళ్లు గడిచాక వచ్చేవారిలో అంత ఆశ పెట్టుకోలేం.

కడిగిన తర్వాత చివర్లో కొందరు డాక్టర్లు ఒక మందు కూడా వేస్తారు. స్టీరాయిడ్ అయితే వాపును త్వరగా తగ్గిస్తుంది, ముఖ్యంగా కీళ్లవాతం ఉన్నవారిలో. కానీ మళ్లీ మళ్లీ వేస్తే కీలు మృదులాస్థి దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎదిగే వయసు పిల్లలకు మరీ ఆలోచించి ఇవ్వాలి. హయాలురోనిక్ యాసిడ్ అంటే కీలులో సహజంగా ఉండే జిగురు పదార్థమే, గ్రీజు వేసినట్టు పనిచేస్తుంది. కొన్ని కంపెనీలు దీన్ని కోడి జుట్టు నుంచి తీస్తాయి, కొన్ని బ్యాక్టీరియాతో తయారు చేస్తాయి. కోడి, గుడ్డు పడనివారు ముందే చెప్పాలి. మందు దేని నుంచి తయారైందో తెలుసుకోవాలనుకునే కుటుంబాలు డాక్టరును అడిగితే డబ్బా మీద చూసి చెబుతారు, అందులో మొహమాటం అక్కర్లేదు.

పీఆర్‌పీ అంటే పేషెంటు సొంత రక్తాన్నే తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని కీలులోకి ఎక్కించడం. కొన్ని అధ్యయనాల్లో నొప్పి తగ్గినట్టు తేలింది. అయితే ఒక్కో చోట ఒక్కోలా తయారు చేస్తారు కాబట్టి ఫలితాలను పోల్చడం కష్టం. 'అరిగిన కీలు మళ్లీ పెరుగుతుంది' అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే ఆ మాట నమ్మకపోవడమే మేలు.

సూది తర్వాత చెవి ముందు వాపు, ఆ వైపు పళ్లు సరిగ్గా కలవకపోవడం ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. మత్తు మందు ముఖ నరానికి తగిలి కొన్ని గంటలు కనుబొమ్మ ఎత్తలేకపోవడం, కన్ను సరిగా మూసుకోకపోవడం కూడా జరుగుతుంది. మత్తు దిగాక అది పోతుంది. జ్వరం, ఎర్రగా మారడం, నొప్పి రోజురోజుకూ పెరగడం ఉంటే మాత్రం వెంటనే తిరిగి వెళ్లాలి.

బోటాక్స్ సంగతి

బోటాక్స్ కీలులోకి కాదు, చెంప, కణత కండరాల్లోకి వేస్తారు. కండరం మూడు నాలుగు నెలలు బలహీనపడుతుంది, దాంతో పళ్లు బిగబట్టే శక్తి తగ్గుతుంది. డిస్క్ తప్పుకున్నవారికి, వక్క వల్ల నోరు మూసుకుపోయినవారికి దీనితో ఉపయోగం లేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని దీర్ఘకాలిక మైగ్రేన్‌కు 2010లో ఆమోదించింది, దవడ కీలు నొప్పికి ఆమోదించలేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కండరాల బలహీనత జబ్బులున్నవారు తీసుకోకూడదు. పదే పదే వేయిస్తే నమిలే కండరం సన్నబడుతుంది. 'ముఖం సన్నగా కనిపిస్తుంది' అని బ్యూటీ క్లినిక్‌లు అమ్మేది ఆ సన్నబడటాన్నే.

వక్క మూసేసిన నోరు

ఇప్పుడు అసలు ఆందోళన. గుట్కా మీద నిషేధం ఉన్నా దొరకడం ఆగలేదని అందరికీ తెలుసు. గుట్కా సంగతి అలా ఉంచితే, సుపారీని చాలా ఇళ్లలో అలవాటుగా కూడా లెక్కపెట్టరు. వలీమా దావత్ చివర్లో పాన్, జేబులో చిక్నీ సుపారీ, పిల్లల చేతిలో రంగు రంగుల మీఠీ సుపారీ పొట్లం. 'ఇందులో పొగాకు లేదు కదా' అంటారు. ఈ జబ్బును తెచ్చేది పొగాకు కాదు, వక్కే. వక్కలోని అరికోలిన్ నోటి పొర కింద పీచు కణజాలాన్ని పెంచుతూ పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో, పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్ కలిగిస్తుందని స్పష్టంగా రాసింది.

ఓఎస్ఎంఎఫ్‌ను క్యాన్సర్‌కు ముందు దశగా చూస్తారు. అందరిలో కాకపోయినా కొందరిలో అది నోటి క్యాన్సర్‌గా మారుతుంది. 'దవడ పట్టేసింది' అనుకుని ఆరు నెలలు కీలుకు మందులు వాడిన మనిషి ఇక్కడ నష్టపోతాడు.

దీనికీ ఇంజెక్షన్ ఉంది. బుగ్గల లోపలి పొర కిందకు స్టీరాయిడ్, దానితో పాటు హైలురోనిడేజ్ అనే ఎంజైమ్ వేస్తారు. పేరు హయాలురోనిక్ యాసిడ్‌కు దగ్గరగా ఉన్నా పని వేరు, ఇది గట్టిపడ్డ పొరను వదులు చేయడానికి. వారానికి ఒకటి రెండుసార్లు చొప్పున కొన్ని వారాలు పడుతుంది. తొలి, మధ్య దశల్లో మంట తగ్గి, నోరు కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ తెరుచుకోవచ్చు. బాగా గట్టిపడిన తర్వాత సూదితో పెద్దగా లాభం ఉండదు, ఆపరేషన్ గురించి మాట్లాడాల్సి వస్తుంది. ఎక్కువసార్లు పొడవడం వల్ల పొర ఇంకా గట్టిపడొచ్చనే భయంతో కొందరు డాక్టర్లు ఇంజెక్షన్లను తక్కువకే పరిమితం చేసి మాత్రలు, వ్యాయామం మీద నడిపిస్తారు.

వ్యాయామానికి ఖర్చు లేదు. ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదానిపై ఒకటి పేర్చి వెనక పళ్ల మధ్య పెట్టుకోవడం, కొన్ని రోజులకు ఒక పుల్ల పెంచుకుంటూ పోవడం. ఎన్ని పుల్లలు పడుతున్నాయో క్యాలెండర్ మీద రాసుకుంటే డాక్టరుకూ పనికొస్తుంది. సుపారీ మానకుండా సూదులు వేయించుకోవడం మాత్రం పగిలిన కుండలో నీళ్లు పోయడమే. గల్ఫ్ నుంచి నెల సెలవు మీద వచ్చి 'ఈలోపు కోర్సు అయిపోవాలి' అనేవారు, ఆ తర్వాత నెలల తరబడి చేయాల్సిన వ్యాయామం సంగతి, అక్కడ చూపించుకోవాల్సిన డాక్టరు సంగతి ముందే అనుకోవాలి. మానిన తర్వాత కూడా ఆరేడు నెలలకు ఒకసారైనా నోరు చూపించుకోవడం ఆపకూడదు.

పిల్లల విషయంలో ఒక మాట

మెట్ల మీద నుంచో, గోడ మీద నుంచో జారి గడ్డం మీద పడ్డ పిల్లకు కుట్లు వేయించి మర్చిపోతారు. ఏడాది రెండేళ్లలో నోరు కొంచెం కొంచెంగా మూసుకుపోతుంటే కీలు ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయేమో చూడాలి. దీన్ని ఆంకిలోసిస్ అంటారు. ఇక్కడ ఏ ఇంజెక్షనూ పనిచేయదు, ఆపరేషన్ ఒక్కటే దారి. ఆలస్యమైతే కింది దవడ ఎదగక గడ్డం లోపలికి పోతుంది, రాత్రిళ్లు ఊపిరి కూడా కష్టమవుతుంది. గడ్డం మీద దెబ్బ తగిలిన ప్రతి పిల్లకూ ఎక్స్‌రేతో పాటు కొన్ని నెలలు మూడు వేళ్ల పరీక్ష చేస్తుండాలి. పిల్ల వేళ్లే వాడాలి, అమ్మీ వేళ్లు కాదు.

షుగరు, రక్తం పలుచబరిచే మందులు, రోజా

స్టీరాయిడ్ కీలులోకి వేసినా, బుగ్గలోకి వేసినా షుగరు కొన్ని రోజులు పెరుగుతుంది. షుగరు ఉన్నవారు ఆ వారం ఇంట్లో తరచూ చూసుకోవాలి, మాత్ర గానీ ఇన్సులిన్ గానీ సొంతంగా మార్చకుండా డాక్టరును అడగాలి. గుండె స్టెంట్ వేయించుకుని రక్తం పలుచబరిచే మందు వాడేవారు ఆ చీటీ తప్పకుండా చూపించాలి, అలాగని సొంతంగా మందు ఆపకూడదు.

రమజాన్‌లో వేయించుకోవచ్చా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997 నాటి తీర్మానంలో, శరీరానికి పోషణ ఇచ్చేవి కాని ఇంజెక్షన్లతో రోజా భంగం కాదని పేర్కొంది. బుగ్గ లోపల వేసే సూదితో రక్తం, మందు రుచి గొంతులోకి దిగే వీలుంది కాబట్టి దాన్ని ఇఫ్తార్ తర్వాతకు పెట్టుకోవడం తేలిక. సొంత విషయంలో స్థానిక ముఫ్తీ సాహెబ్‌ను అడగొచ్చు. దవడ సూది సాధారణంగా అత్యవసరం కాదు. షుగరు ఉన్నవారైతే ఈద్ తర్వాతకు వాయిదా వేయమని డాక్టరే చెప్పే అవకాశం ఎక్కువ.

ఎక్కడికి వెళ్లాలి?

దవడ, ముఖ ఎముకల సర్జన్ అంటే ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జన్ చూడాల్సిన సమస్య ఇది. ప్రతి డెంటల్ కాలేజీలో ఆ విభాగం ఉంటుంది. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి, ఆంధ్రలో విజయవాడ, కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. పాత ఎక్స్‌రేలు, వాడిన మాత్రల చీటీలు తీసుకెళ్లాలి. సుపారీ, జర్దా, గుట్కా సంగతి దాచకూడదు, పక్కన అబ్బా ఉన్నారని అసలే దాచకూడదు. కుర్రాళ్లు మొహమాటపడితే డాక్టరుతో ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడనివ్వాలి.

సూది వేస్తామని చెప్పినప్పుడు కొన్ని సంగతులు అడగొచ్చు. సమస్య కీలులోనా, కండరంలోనా, బుగ్గ పొరలోనా? ఏ మందు, ఎన్నిసార్లు? ఈ రోజు నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటోంది? ఆ చివరి అంకె చీటీ మీద రాయించుకుంటే, నెల తర్వాత సూది పనిచేసిందో లేదో ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా స్కేలే చెబుతుంది.

ఇక, దవడ నొప్పితో పాటు ఛాతీ బరువు, ఎడమ చేయి లాగడం, చెమటలు, ఆయాసం ఉంటే అది కీలు కాదు, గుండె కావొచ్చు. అప్పుడు డెంటిస్టు కాదు, వెంటనే 108కి ఫోన్.